మూడు మీటర్ల లోతులో కెమెరా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగి, లోతు తక్కువ పగడపు దిబ్బల మీద ఫొటోలు తీయడం గురించి విజయవాడ, గుంటూరు పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: సంక్రాంతికి వారం రోజులు సెలవు దొరుకుతోంది. సూర్యలంకలోనో మంగినపూడిలోనో మాస్కు, స్నార్కెల్ (ఊపిరి గొట్టం) పెట్టుకుని దిగితే చేపల ఫొటోలు వస్తాయా? అండమాన్ దాకా పోవాల్సిందేనా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

రావండి. అందులో బీచ్‌ల తప్పేమీ లేదు, ఇదంతా కృష్ణమ్మ చలవ. హంసలదీవి దగ్గర నది సముద్రంలో కలిపే ఒండ్రు, అటు గోదావరి తెచ్చే ఒండ్రు కలిసి మన తీరం నీటిని బురదరంగులో ఉంచుతాయి. అడుగున ఇసుక, బురదే తప్ప రాయి ఉండదు. పగడపు పిల్ల అతుక్కోవాలంటే గట్టి రాయి కావాలి. దాని ఒంట్లో కాపురముండే నాచుకణాలకు ఎండ తగలాలి. ఈ రెండూ లేనిచోట కెమెరా ఎంత ఖరీదైనదైనా గోధుమరంగు నీళ్ళే వస్తాయి. విశాఖలో రుషికొండ వైపు రాతి దిబ్బలున్నాయి, నేర్పేవాళ్ళూ ఉన్నారు. డైవింగ్ అంటే ఏమిటో రుచి చూడటానికి అది మంచి చోటే. పగడాల కోసం మాత్రం కాదు.

మన దేశంలో పగడపు దిబ్బలు చెప్పుకోదగ్గంతగా ఉన్నవి నాలుగుచోట్ల: కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ-పాక్ అఖాతం, లక్షద్వీప్, అండమాన్-నికోబార్. మీ ప్రయాణానికి అండమానే సులువు. రాత్రి రైలెక్కి చెన్నై, అక్కణ్ణించి రెండు గంటల విమానం, ఆపైన ఫెర్రీ. హేవ్‌లాక్, నీల్ దీవుల పేర్లు 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌గా మారాయి. టికెట్లలో రెండు పేర్లూ కనిపిస్తాయి, తికమక పడకండి. హేవ్‌లాక్‌లో నీమో రీఫ్ అని పిలిచే చోటు, నీల్‌లో భరత్‌పూర్ తీరం లోతు తక్కువ పనికి బాగుంటాయి. ఉప్పునీటి మొసళ్ళున్న తీరాలు కూడా ఆ దీవుల్లో ఉన్నాయి. కాబట్టి హెచ్చరిక బోర్డున్నచోట దిగొద్దు. ఎక్కడైనా సరే, స్థానికంగా పనిచేసే డైవ్‌మాస్టర్ లేకుండా దిగొద్దు.

సంక్రాంతి మంచి సమయం. పిల్లల వేసవి సెలవులకని మే నెలాఖరుకు బుక్ చేసుకునేవాళ్ళే దెబ్బతింటారు. ఇక్కడ మనం రోహిణికార్తె ఎండల్లో మాడుతుంటే, నైరుతి రుతుపవనాలు అక్కడ అప్పటికే అడుగుపెట్టి నీటిని కలిపేస్తుంటాయి.

ప్రశ్న: పోయినసారి నీల్‌లో ఉదయం పదకొండింటికి దిగితే నడుముల్లోతే ఉంది, పగడాల మీద పడకుండా బయటికి రావడమే గండమైంది. మర్నాడు అదే చోట వేరేవాళ్ళు హాయిగా ఈదుతున్నారు. వేళ ఎలా లెక్కపెట్టాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

మీరు ఆటు వేళకు దిగారు, వాళ్ళు పోటు వేళకు దిగారు, అంతే తేడా. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మొదటిరోజు బాగుంది కదా అని వారం తర్వాత అదే గడియారం పట్టుకుని దిగితే కుదరదు.

ఒక లెక్క చూపిస్తాం. ఆటుకూ పోటుకూ మధ్య తేడా ఆ రోజు 180 సెంటీమీటర్లు అనుకోండి. పోటు తర్వాత ఆరు గంటల్లో నీరు సమంగా దిగదు. మొదటి గంటలో 15 సెంటీమీటర్లు, రెండో గంటలో 30, మూడు నాలుగు గంటల్లో 45 చొప్పున, ఐదో గంటలో 30, ఆఖరి గంటలో మళ్ళీ 15. అంటే పోటు శిఖరానికి అటొక గంట, ఇటొక గంట నీరు దాదాపు నిలబడి ఉంటుంది. మీకు కావాల్సింది ఆ రెండు గంటలే. పట్టికలో పోటు 9:40కి అని ఉంటే, 8:50కల్లా నీళ్ళలో ఉండండి, 10:20కి ఒడ్డెక్కండి. మూడో గంటలో దిబ్బ మీది నీరంతా ఇసుక కాలవల గుండా సముద్రంలోకి లాగేస్తుంది. మీరు ఒడ్డుకు రావాలనుకునే దారికి అది సరిగ్గా ఎదురు.

పంచాంగం ఇక్కడ పనికొస్తుంది. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ తేడా ఎక్కువ, నీరు జోరుగా కదులుతుంది. అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ, నీరు మెత్తగా ఉంటుంది. కొత్తవాళ్ళు ప్రయాణం అష్టమి చుట్టూ పెట్టుకోవడం మేలు. అష్టమినాడు ప్రయాణమేమిటని ఇంట్లో పెద్దవాళ్ళు అంటే, ఆ సంగతి మీరే సర్దిచెప్పుకోవాలి.

ఇక అల. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ రోజూ ఇచ్చే సముద్ర సూచనలో అల ఎత్తుతో పాటు అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లో కూడా ఉంటుంది. చాలామంది ఎత్తు చూసి ఊరుకుంటారు. అసలు చూడాల్సింది సెకన్లు. మీటరు ఎత్తు అల 6 సెకన్లకొకటి వస్తే, నాలుగు మీటర్ల లోతులో మీరు ముందుకూ వెనక్కూ ఒకటిన్నర మీటర్లు ఊగుతారు. అదే మీటరు అల 14 సెకన్లకొకటి వస్తే ఆ ఊపు మూడున్నర మీటర్ల దాకా పోతుంది. ఒడ్డు నుంచి చూస్తే రెండోదే ప్రశాంతంగా కనిపిస్తుంది, మోసమంతా అక్కడే. 12 సెకన్లు దాటితే లోతు తక్కువ దిబ్బ మీదికి కెమెరా పట్టుకెళ్ళకండి.

దిగే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. అలలు గుంపులుగా వస్తాయి, గుంపు వెళ్ళాక కాసేపు విరామం ఉంటుంది. ఆ విరామంలో దిగాలి. బీసీడీలో, అంటే తేలడానికి వేసుకునే గాలి జాకెట్‌లో, గాలి నింపి, మాస్కు మొహానికి పెట్టుకుని, సిలిండర్ గాలి అందించే రెగ్యులేటర్ నోట్లో ఉంచుకుని, నడుముల్లోతులో కాళ్ళకు ఫిన్స్ (ఈత రెక్కలు) తొడుక్కుని సముద్రానికి వీపు పెట్టి వెనక్కి నడవండి. కెమెరా మెడలో వేలాడదీయొద్దు, పడ్డారంటే అది మీ దవడకే తగులుతుంది. చేతిలో గానీ బీసీడీ రింగుకు పొట్టి తాడుతో గానీ ఉండాలి.

ప్రశ్న: ఈతకొలనులో నేర్చుకున్నప్పుడు 4 కిలోల బరువు కట్టుకుంటే సరిగ్గా నీటిలో నిలబడేవాణ్ణి. సముద్రంలో అదే బరువుతో, చివర్లో ఫొటో తీయబోతే పైకి తేలిపోతున్నాను. బరువు 8 కిలోలు చేసుకోనా?
– ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

లెక్క చూడకుండా ఎనిమిది వద్దు. ఎంత కావాలో రెండు లెక్కల్లో తేలిపోతుంది.

మొదటిది ఉప్పు. సముద్రపు నీరు మంచినీటి కంటే రెండున్నర శాతం బరువు. మీరు 70 కిలోలు, సామాన్లన్నీ 25 కిలోలు అనుకుంటే మొత్తం 95; అందులో రెండున్నర శాతం అంటే సుమారు 2.4 కిలోలు. కొలనులో సరిపోయినదానికి ఇది కలపాలి. వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు దుస్తులు) మారితే లెక్కా మారుతుంది. కొలనులో సూట్ లేకుండా, అక్కడ 3 మిల్లీమీటర్ల సూట్‌తో దిగితే ఇంకో కిలో రెండు కిలోలు అదనం.

రెండోది గాలి. మామూలుగా ఇచ్చే 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి దగ్గర రెండువేల రెండొందల లీటర్ల గాలి ఉంటుంది. దాని బరువు రెండున్నర కిలోల పైనే. మీరు పీల్చేకొద్దీ ఆ బరువు తగ్గుతూ వస్తుంది. దిగేటప్పుడు బాగానే ఉండి చివర్లో తేలిపోవడానికి కారణం ఇదే. అందుకని బరువు పరీక్ష డైవ్ మొదట్లో చేయకండి. సిలిండర్ 50 బార్‌కు వచ్చాక, 3 మీటర్ల లోతులో, బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి, మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఉన్నచోట ఉండగలిగితే అదే మీ బరువు. ఎక్కువ కట్టుకుంటే దాన్ని మోయడానికి బీసీడీలో గాలి నింపాలి, ఆ గాలే మీ కొంప ముంచుతుంది. ఎందుకంటే, 20 మీటర్ల నుంచి 18కి లేస్తే ఆ గాలి 7 శాతం ఉబ్బుతుంది. 3 మీటర్ల నుంచి ఒక మీటరుకు లేస్తే 18 శాతం. లేచింది రెండు చోట్లా రెండు మీటర్లే. లోతు తక్కువ కదా తేలిక అనుకుంటారు గానీ, కదలకుండా నిలబడటానికి అన్నిటికంటే కష్టమైన చోటు అదే.

సన్నటి సర్దుబాటు ఊపిరితో చేయాలి. అరలీటరు గాలి ఎక్కువ పీలిస్తే అరకిలో తేలిక అవుతారు. కానీ ఫొటో కోసం ఊపిరి బిగబట్టకండి. స్నార్కెల్‌తో మునిగినవాళ్ళు బిగబట్టవచ్చు, వాళ్ళ ఊపిరితిత్తుల్లో ఉన్నది నీటి పైన పీల్చిన గాలి. సిలిండర్ గాలి నిండుగా పీల్చి బిగబట్టి మీటరున్నర పైకి లేచినా ఊపిరితిత్తి చిరిగే ప్రమాదం ఉంది. ఊపు ఉన్న నీటిలో మీకు తెలియకుండానే అంత లేస్తారు.

ఇది చేతికొచ్చేదాకా కెమెరా గదిలోనే ఉంచండి. కదలకుండా రెండు నిమిషాలు ఉండలేనివాళ్ళ చేతిలో కెమెరా ఉంటే, ఫిన్స్ వెనక పగడాలు విరుగుతుంటాయి, వాళ్ళు మాత్రం తెరలోకి చూస్తుంటారు. ప్రాక్టీసుకని బందరు కాలవలోనో ఏలూరు కాలవలోనో దిగొద్దు. వాటిలో వడి, గట్టుల జారుడు ఈతగాళ్ళనే మింగేస్తాయి.

ప్రశ్న: ఒలింపస్ టీజీ-6 కొన్నాను. ఫొటోలన్నీ పచ్చగా, పాచిపట్టిన గోడలా వస్తున్నాయి. ఫ్లాష్ వేస్తే తెల్లచుక్కలు. నీమో చేప మొహం ఒక్కటీ సరిగా రాలేదు.
– ఒక పాఠకురాలు, విద్యానగర్, గుంటూరు

మూడు జబ్బులు చెప్పారు. మొదటి రెంటికీ మూలం దూరమే.

నీరు ముందు ఎరుపును మింగుతుంది. 5 మీటర్లు దాటేసరికి చాలావరకు పోతుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది మీ లోతు ఒక్కటే కాదు. ఎండ పైనుంచి చేప దాకా వచ్చిన దూరం, చేప నుంచి కెమెరా దాకా వచ్చిన దూరం కలిపి చూడాలి. 3 మీటర్ల లోతులో చేపకు 2 మీటర్ల దూరం నుంచి తీస్తే మీరు 5 మీటర్ల నీటి గుండా తీసినట్టు. జూమ్ చేసి దగ్గరకు తెచ్చుకున్నా ఆ నీరు ఎక్కడికీ పోదు. పైగా నీటిలో వస్తువులు నాలుగో వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి కాబట్టి, దగ్గరికొచ్చేశాం అనిపించినప్పుడు ఇంకా దగ్గరికెళ్ళాలి. వస్తువుకు 30 సెంటీమీటర్లు అన్నది మంచి అలవాటు.

తెలుపు సర్దుబాటు కెమెరాకు వదలకండి. అరచేతి అంత తెల్లటి ప్లాస్టిక్ పలక తీసుకెళ్ళి, ఎండ దాని మీద పడేలా పట్టుకుని, తెర నిండా పలకే ఉండేలా చూసి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకోండి. రెండు మీటర్లు లోతు మారితే మళ్ళీ తీసుకోవాలి. రా (RAW) ఫైల్, అంటే కెమెరా ఏమీ మార్చకుండా దాచే ఫైల్, కూడా పెట్టుకుంటే ఇంటికొచ్చాక కొంత సరిచేయొచ్చు. కానీ పోయిన ఎరుపును ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు, గింజలు గింజలుగా లాక్కొస్తుంది, అంతే. ఎర్ర ఫిల్టరు 3 మీటర్ల కంటే లోతులో, ఎండతో తీసేటప్పుడే. ఫ్లాష్ వేస్తే ఫిల్టరు తీసేయండి.

తెల్లచుక్కలు నీటిలో తేలే నలుసులు. కెమెరాలోని ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి మీకూ చేపకూ మధ్య ఉన్న ప్రతి నలుసునూ వెలిగిస్తుంది. పొగమంచులో బైక్ హెడ్‌లైట్ హైబీమ్ వేసినట్టు. విడి ఫ్లాష్ ఉంటే చెయ్యి పొడవున పక్కకు జరిపి, దాని మొహం కొంచెం బయటికి తిప్పండి. వెలుగు అంచు చేపకు తగిలితే చాలు. విడి ఫ్లాష్ లేకపోతే అర మీటరు దాటిన దేనికీ ఫ్లాష్ వేయకండి. ఒకటి రెండు మీటర్ల లోతులో ఇంకో చిక్కుంది. అలల మీది ఎండ పగడాల మీద వలలా కదులుతూ అక్కడక్కడా తెల్లగా మాడ్చేస్తుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు) మైనస్ 0.7 దాకా తగ్గించండి.

ఇక నీమో, అంటే క్లౌన్‌ఫిష్. సముద్రపుష్పం అనదగ్గ ఎనిమోన్ దగ్గరికి వెళ్ళగానే చేప లోపలికి దూరుతుంది. అందరూ అప్పుడు వెంటపడి నొక్కుతారు. మీరు అడుగున ఖాళీ ఇసుక చూసుకుని, ఎనిమోన్ కంటే కాస్త కిందగా ఆగి, రెండు నిమిషాలు ఏమీ చేయకుండా చూడండి. చేప బయటికొస్తుంది, అటూ ఇటూ తిరిగి ఇంచుమించు అదే దారిన తిరిగొస్తుంది. ఆ దారిలో ఎనిమోన్‌కు వేళ్ళలా ఉండే టెంటకిళ్ళలో ఒకదాని కొన మీద ఫోకస్ లాక్ చేసి, చేప ఆ చోటు దాటేటప్పుడు నొక్కండి. నీరు మిమ్మల్ని ఊపుతుంటే ఊపు చివర, మళ్ళీ వెనక్కి తిరిగే ముందు ఒక క్షణం ఆగుతుంది. ఫొటో ఆ క్షణానిది. కంట్లో ఫోకస్ లేని ఫొటో పారేయండి.

గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది, దాని తర్వాతది మగది. మగచేప ఎనిమోన్ మొదట్లో రాతి మీదికి రెక్కలతో విసనకర్రలా పదేపదే విసురుతూ కనిపిస్తే అక్కడ గుడ్లున్నట్టు. కొత్తగా పెట్టినవి నారింజరంగులో ఉంటాయి, వారం గడిచేసరికి వెండిరంగు కళ్ళు తేలతాయి. మైక్రోస్కోప్ మోడ్ ఉన్న కెమెరా కొన్నది దీనికే. ఒకటి రెండు ఫొటోలు తీసుకుని తప్పుకోండి. మీరున్నంతసేపూ మగచేప విసరడం మానేసి మీ మీదికి వస్తుంటుంది.

ప్రశ్న: కెమెరా హౌసింగ్ (నీరు చొరకుండా తొడిగే డబ్బా) లోపల అద్దం మీద ఆవిరి పడుతోంది. నీళ్ళు కారుతున్నట్టా?
– ఒక పాఠకుడు, లబ్బీపేట, విజయవాడ

కారడం లేదు. ఒడ్డున ఉక్క గాలిని లోపల పెట్టి మూశారు, చల్లటి నీటిలో అద్దం చల్లబడగానే అందులోని తేమ అక్కడ చేరింది. హౌసింగ్‌ను ఏసీ గదిలో మూయండి, లోపల సిలికా జెల్ పొట్లం పెట్టండి, దిగేదాకా ఎండలో ఉంచకండి, తడి తువ్వాలు కప్పండి.

కారడం వేరే కథ. దానికి కారణం తొంభై పాళ్ళు ఓ-రింగే, అంటే మూత చుట్టూ గాడిలో కూర్చునే రబ్బరు రింగు. దాన్ని పిన్నుతో తీయొద్దు, ఏటీఎం కార్డు అంచుతో ఎత్తండి. వేళ్ళ మధ్య చుట్టూ జార్చి చూస్తే నలుసు తగులుతుంది. తలవెంట్రుక ఒక్కటి అడ్డంగా పడినా నీరు దారి చేసుకుంటుంది. గాడిని నూలు రాలని గుడ్డతో తుడిచి, రింగుకు బియ్యపు గింజలో సగమంత గ్రీజు రాయండి, కంపెనీ ఇచ్చినదే. గ్రీజు నీటిని ఆపదు, రింగు మెలిపడకుండా జారడానికే అది. మందంగా రాస్తే ఇసుకను పట్టుకుంటుంది. ఆ తర్వాత కెమెరా లేకుండా, లోపల టిష్యూ కాగితం పెట్టి మూసి, బకెట్ నీళ్ళలో అరగంట ముంచండి. కాగితం పొడిగా ఉంటేనే కెమెరా లోపలికి.

పైకొచ్చాక మంచినీటిలో అరగంట నానబెట్టి, నీటిలోనే ప్రతి బటనూ పదిసార్లు నొక్కండి. ఉప్పు ఆరితే బటన్ కింద గడ్డకట్టి, తర్వాతి డైవ్‌లో అక్కడి సీల్‌ను కోస్తుంది. ఇంటికొచ్చాక బోరునీరు ఉప్పగా ఉండే కాలనీల్లో ఆఖరి కడుగు ఫిల్టర్ నీటితో కానివ్వండి. ఉప్పునీరు కెమెరాలోకి పోతే బ్యాటరీ తీసి, వెంటనే మంచినీటితో కడిగి సర్వీసుకివ్వాలి. బియ్యం డబ్బాలో పెడితే తేమ పోతుందేమో గానీ ఉప్పు లోపలే ఉండి సర్క్యూట్‌ను తినేస్తుంది. బియ్యం మాత్రం పాడవుతుంది.

ప్రశ్న: కొత్త మాస్కు ఎంత ఉమ్మి రాసినా మసకబారుతోంది.
– ఒక పాఠకురాలు, కొరిటెపాడు, గుంటూరు

కొత్త అద్దం లోపలివైపు తయారీలో చేరిన సన్నటి పొర ఉంటుంది. జెల్ కాని మామూలు తెల్ల టూత్‌పేస్ట్ పెట్టి వేలితో గట్టిగా రుద్ది కడగండి, మూడు నాలుగుసార్లు. ఆ తర్వాత ఉమ్మి అయినా, నీళ్ళు కలిపిన బేబీ షాంపూ అయినా పనిచేస్తుంది. ఇంట్లో మగవాళ్ళకు మీసం దగ్గర నీరు కారుతుంటే వాజిలిన్ రాయనివ్వకండి, అంచులోని రబ్బరును అది పాడుచేస్తుంది.

ప్రశ్న: లోతు తక్కువ చోట విషపు చేపలుంటాయట. ఏదైనా గుచ్చుకుంటే ఏం చేయాలి? చచ్చిన పగడాలు తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

ఇసుకలో నడిచేటప్పుడు పాదం ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడవండి. ఇసుకలో పడుకున్న టేకు చేప ఆ అలికిడికి లేచిపోతుంది, తొక్కితే తోకముల్లుతో కొడుతుంది. రాయిలా కదలకుండా ఉండే స్టోన్‌ఫిష్ మాత్రం లేవదు. అందుకే గట్టి అట్ట ఉన్న బూట్లు, పగడాల మీద చెయ్యి ఆనించకపోవడం. లయన్‌ఫిష్ ఈకల్లాంటి ముళ్ళు విప్పితే దగ్గరికి రావొద్దని అర్థం.

ఈ మూడింట్లో ఏది గుచ్చినా వైద్యం ఒకేలా మొదలవుతుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, సుమారు 45 డిగ్రీలు, గుచ్చుకున్న భాగాన్ని అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. వేడి సరిచూడటానికి దెబ్బ తగలని చెయ్యి పెట్టండి, నొప్పిలో ఉన్న కాలికి కాలడం తెలియదు. నొప్పి తగ్గినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

పగడం ముక్క, చచ్చినదైనా సరే, తేవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది, విమానాశ్రయంలో పెట్టె తెరిపిస్తారు.

ప్రశ్న: ఉదయం డైవ్ చేసి మధ్యాహ్నం విమానానికి రావచ్చా?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

రాకూడదు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగి విమానమెక్కాలి. నీళ్ళలో రక్తంలో కరిగిన నత్రజని, పైన గాలిఒత్తిడి తగ్గితే బుడగలవుతుంది. ఆఖరిరోజు సిలిండర్ పక్కన పెట్టి స్నార్కెల్‌తో ఫొటోలు తీసుకోండి, దానికి ఈ లెక్క లేదు. విడి బ్యాటరీలు మాత్రం చెకిన్ పెట్టెలో వేయకుండా చేతిసంచిలో పెట్టుకోండి, కొనలకు టేపు వేసి.